రచ్చబండ ఖాళీ అయిందా?

ఇంటర్నెట్‌లో పదిమందీ కూర్చుని మాట్లాడుకున్న ఫోరాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మాటలకు మాత్రం కరవు లేదు. అవి వాట్సాప్ గ్రూపుల్లోకి, టెలిగ్రామ్ చానళ్లలోకి, ఫేస్‌బుక్ తలుపుల వెనక్కి మారిపోయాయి. ఈ వలసలో తెలుగువాళ్లు పోగొట్టుకుంటున్నది ఏమిటి?

2007 జులై 10న వాషింగ్టన్‌లోని అమెరికా వలససేవల శాఖ కార్యాలయానికి పూలగుత్తులు వచ్చిపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, వందలు. అన్నీ ఒకే మనిషి పేరు మీద: శాఖ డైరెక్టర్ ఎమీలియో గొంజాలెజ్. పంపినవాళ్లు గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తున్న భారతీయ ఉద్యోగులు.

అంతకు కొద్దివారాల ముందు అమెరికా విదేశాంగ శాఖ వాళ్లకో శుభవార్త చెప్పింది. ఉద్యోగ కేటగిరీల్లో దాదాపు అందరూ జులైలో ఆఖరి దశ దరఖాస్తు పెట్టుకోవచ్చని ప్రకటించింది. జనం పరుగులు పెట్టారు. వైద్యపరీక్షలు చేయించుకున్నారు, లాయర్లకు ఫీజులు కట్టారు, ప్రయాణాలు మానుకున్నారు. తీరా జులై 2న, కోటా అయిపోయింది, దరఖాస్తులు తీసుకోబోమని ప్రభుత్వం మాట మార్చింది. తిట్టకుండా, అద్దాలు పగలగొట్టకుండా పూలు పంపుదామన్న ఆలోచన ‘ఇమిగ్రేషన్ వాయిస్’ అనే సంస్థ ఫోరంలో ఊపందుకుంది. 2005 చివర్లో మొదలైన ఆ సంస్థ సభ్యుల్లో ఎక్కువమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నవాళ్లు కారు. ‘లగే రహో మున్నాభాయ్’ చూపించిన గాంధీగిరి అప్పటికింకా జనం మనసుల్లో తాజాగానే ఉంది. గొంజాలెజ్ ఆ పూలను గాయపడిన సైనికులున్న ఆస్పత్రులకు పంపించారు. జులై 17న ప్రభుత్వం దిగివచ్చింది. ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామంది. అదే సినిమాను తెలుగులో తీసిన ‘శంకర్‌దాదా జిందాబాద్’ ఆ తర్వాత పదిరోజులకు విడుదలైంది. అప్పటికే అమెరికాలోని ఎందరో తెలుగు ఇంజినీర్లు గాంధీగిరి ఫలితం కళ్లారా చూశారు.

2025 సెప్టెంబరు 19కి రండి. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమంటూ అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఇండియాకు బయల్దేరాల్సిన విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు దిగిపోయారు. సెలవు మీద వచ్చినవాళ్లు ఉన్నపళంగా తిరుగుటిక్కెట్లు కొన్నారు. ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్న ప్రశ్న ఫోన్ నుంచి ఫోన్‌కు ఫార్వర్డ్ అవుతూ పోయింది. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని, ఒక్కసారి కట్టే రుసుమేనని శ్వేతసౌధం మరునాడు వివరణ ఇచ్చింది. ఆ రాత్రి చర్చలో కొంత రెడిట్‌లో బహిరంగంగా నడిచింది. ఇవాళ్టికీ వెతికి చదువుకోవచ్చు. వాట్సాప్‌లో నడిచింది ఆ ఫోన్లలోనే ఉండిపోయింది. సరైన జవాబు ముందుగా ఎవరు చెప్పారో, ఏ పుకారు ఎక్కడ మొదలైందో ఇక ఎవరికీ తెలియదు.

ఫోరాలు తగ్గిపోతున్నాయా అని అడిగితే, తగ్గిపోతున్నాయనే చెప్పాలి. అయితే అసలు నష్టం మూతపడిన వెబ్‌సైట్ల లెక్కలో లేదు. ఇవాళ మాట్లాడుకున్నది రేపు ఇంకెవరికో దొరికే వీలు పోవడంలో ఉంది.

తెలుగు టైపింగ్ వెనక ఒక చర్చావేదిక

ఈ నష్టం బరువెంతో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ‘యూజ్‌నెట్’కు రూపం ఇచ్చారు. ఒక్కో విషయానికి ఒక్కో వార్తాగుంపు. అందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా బదులివ్వవచ్చు. అప్పటికి వరల్డ్ వైడ్ వెబ్ పుట్టనే లేదు. తొంభైల మొదట్లో అక్కడ తెలుగువాళ్లకూ ఒక గుంపు ఏర్పడింది. దాని పొడుగుపేరు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. అలవాటైనవాళ్లు ‘స్కిట్’ అనేవారు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇండియాలో ఇంటర్నెట్‌ను సామాన్యుల ముందుకు తెచ్చేసరికే అమెరికాలోని తెలుగు విద్యార్థులు అక్కడ సినిమాలు, రాజకీయాలు, పద్యాలు, ఆవకాయ కారం అన్నిటి మీదా వాదించుకుంటున్నారు.

వాదనకు ఒక అడ్డంకి ఉండేది. తెరమీద తెలుగు లిపి లేదు. ఒక్కొక్కరు ఒక్కోరకంగా ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తే చదవడం నరకం. ఆ అవసరంలోంచి వచ్చింది ఆర్‌టీఎస్. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి అది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాతో దీర్ఘాలనూ, టవర్గాన్నీ పట్టుకునే ఏర్పాటు. పట్టుబట్టి ప్రచారం చేయాల్సిన పని లేకుండానే అది గుంపులో అలవాటైపోయింది. రోజూ రాసుకునేవాళ్లకు అది కావలసివచ్చింది మరి.

అక్కడితో ఆగలేదు. తొంభైల నడుమ ‘తెలుసా’ పేరుతో సాహిత్యం కోసం ప్రత్యేకంగా ఒక ఈమెయిల్ చర్చాబృందం వచ్చింది. 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక మొదలైంది. తర్వాత యాహూ గ్రూపుల్లో ‘రచ్చబండ’ నడిచింది. ఛందస్సు మీద, మాటల పుట్టుక మీద, అనువాదాల మీద అక్కడ జరిగిన వాదాలు ఎన్నో వ్యాసాలకు ముడిసరుకు అయ్యాయి. ఆర్‌టీఎస్‌లో రాసిన దాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చే ‘పద్మ’ను తయారుచేసిన వెన్న నాగార్జున చేతుల మీదుగానే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ ‘లేఖిని’ని అందరికీ అందుబాటులో పెట్టారు. ఇంగ్లిషు కీబోర్డు మీద కొడుతుంటే తెలుగు పడటం అప్పట్లో చాలామందికి నమ్మలేని సంగతి.

ఇవాళ ఫోన్‌లో ‘అమ్మ’ అని టైపు చేసే కోట్లమందికి ఈ వరస తెలియకపోవచ్చు. కానీ దాని మొదటి అంచున ఉన్నది ఒక కంపెనీ కాదు, ఒక సర్కారు పథకమూ కాదు. ఖాళీ వేళల్లో పోట్లాడుకున్న కొద్దిమంది విద్యార్థులు.

మూతల వరస

ఆ వేదికలు ఏమయ్యాయి? 2001 ఫిబ్రవరిలో గూగుల్ ‘డెజా న్యూస్’ను కొని యూజ్‌నెట్ పాత పోస్టులను తన గూగుల్ గ్రూప్స్‌లోకి చేర్చుకుంది. 2024 ఫిబ్రవరి 22 నుంచి అక్కడ యూజ్‌నెట్‌కు కొత్తగా రాయడం ఆగిపోయింది. పాతవి చదువుకోవడం వరకే.

ఆర్కుట్ కథ అందరికీ గుర్తే. 2004 జనవరిలో వచ్చి, ఇండియానూ బ్రెజిల్‌నూ ఊపేసి, 2014 సెప్టెంబరు 30న వెళ్లిపోయింది. దాని ‘కమ్యూనిటీలు’ నిజానికి ఫోరాలే. మన ఊరివాళ్లు, మన కాలేజీవాళ్లు, మన హీరో అభిమానులు అంటూ ఎన్నో నడిచాయి. వాటి పాత ప్రతిని గూగుల్ కొంతకాలం ఉంచి, తర్వాత అదీ తీసేసింది. సినిమా సమాచారానికి ప్రపంచమంతా వాడే ఐఎండీబీ 2017 ఫిబ్రవరి 20న తన చర్చాబోర్డులను మూసేసింది. జనం సోషల్ మీడియాకు మళ్లారన్నది అది చెప్పిన కారణాల్లో ఒకటి. 2021 మే 4న యాహూ ఆన్సర్స్ పోయింది.

వీటన్నిటిలోకీ తెలుగువాళ్లకు గట్టి దెబ్బ యాహూ గ్రూప్స్. 2019 అక్టోబరులో ఒక ప్రకటన వచ్చింది. కొత్తగా ఏమీ చేర్చలేరు, పాత పోస్టులు, ఫైళ్లు, ఫొటోలు తీసేస్తాం, కావలసినవాళ్లు దాచుకోండి అని దాని సారాంశం. ఇచ్చిన గడువు వారాల్లోనే. 2020 జనవరి చివరి వరకు దాన్ని పొడిగించారు. ‘ఆర్కైవ్ టీమ్’ అనే స్వచ్ఛంద బృందం వీలైనన్ని గ్రూపులను కాపాడటానికి పరుగెత్తింది. అప్పటి యాజమాన్యం వెరిజాన్ తమ ఖాతాలను అడ్డుకుందని ఆ కార్యకర్తలు మొరపెట్టుకున్నారు. 2020 డిసెంబరు 15న గ్రూపులు పూర్తిగా ఆగిపోయాయి. ఇరవై ఏళ్ల ఈమెయిళ్లు ఎవరి పెట్టెలో మిగిలితే వాళ్లకు మిగిలాయి. పద్యం మీద పదిరోజులు జరిగిన వాదం పుస్తకంలోకి ఎక్కకపోతే, ఇక అది జరగనట్టే లెక్క.

అమెరికా సంస్థ ప్యూ రీసెర్చ్ 2024లో ఒక లెక్క చెప్పింది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందకుండా పోయాయి. ఇంగ్లిషుకు చాలా ప్రతులుంటాయి కాబట్టి ఏదో ఒకచోట మిగులుతుంది. తెలుగు పేజీ పోతే చాలాసార్లు దానికి రెండో ప్రతి ఉండదు.

డీబీల కాలం

సాహిత్య వేదికల గురించి చెప్పుకుని ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు. తెలుగు ఇంటర్నెట్‌లో అసలు జనసందోహం ‘డీబీ’లలో కనిపించేది. డిస్కషన్ బోర్డుకు పొట్టిపేరు. నందమూరిఫ్యాన్స్ డీబీ, ఆంధ్రాఫ్రెండ్స్ డీబీ లాంటివి అమెరికా రాత్రుళ్లలోనూ హైదరాబాద్ పగళ్లలోనూ నిద్రపోయేవి కావు. ప్రీమియర్ షో ఇంటర్వెల్‌లో పడిన ఒక్క లైను కోసం వేలమంది ఆగకుండా పేజీ రిఫ్రెష్ కొట్టేవారు. కలెక్షన్ల లెక్కలు, రాజకీయ జోస్యాలు, వీసా సందేహాలు, డాలస్‌లో అద్దెఇల్లు, అమ్మాయి పెళ్లికి సంబంధాలు, బ్రహ్మానందం ముఖకవళికల బొమ్మలు అన్నీ ఒకే గొడుగు కింద. ఇంగ్లిషు అక్షరాల తెలుగు అక్కడ తనదైన నుడికారం సంపాదించుకుంది.

అక్కడ బాగులేనిది కూడా చెప్పాలి. కులం పేరు పెట్టి తిట్టుకోవడం, హీరోయిన్ల గురించి నోటికొచ్చినట్టు రాయడం, ముసుగుపేరు చాటున వ్యక్తుల మీద బురద చల్లడం ఈ బోర్డుల్లో మామూలైపోయింది. ఆడవాళ్లు రాసిన పోస్టులు అరుదు. రాస్తే వెంటపడేవాళ్లు. అందుకే తర్వాతి రోజుల్లో మహిళలు తమకు మాత్రమే అంటూ మూసిన ఫేస్‌బుక్ గ్రూపులు పెట్టుకుంటే దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తలుపు గడియ పెట్టుకుంటేనే కొన్ని మాటలు బయటికి వస్తాయి.

వాట్సాప్ చేసిన మేలు కూడా చిన్నది కాదు. ఫోరంలో చేరాలంటే కంప్యూటరుండాలి, ఈమెయిలుండాలి, టైపు చేయడం రావాలి. ఇవేవీ లేని అమ్మమ్మ ఇవాళ వాయిస్ మెసేజ్ పెట్టి న్యూజెర్సీలోని మనవరాలికి గోంగూర పచ్చడి విధానం చెబుతోంది. పత్తికి పట్టిన పురుగు ఫొటో తీసి రైతు గ్రూపులో పెడుతున్నాడు. ఇంతమంది మాట్లాడుకునే అవకాశం ఏ ఫోరమూ ఇవ్వలేదు. సమస్యల్లా ఆ రైతుకు వచ్చిన మంచి జవాబు పక్క మండలం రైతుకు చేరకపోవడం. వాట్సాప్ గ్రూపు పరిమితి 1024 మంది. టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది దాకా చేరవచ్చు గానీ, అక్కడ మాటల వరద ఎంతంటే పొద్దున అడిగిన ప్రశ్న మధ్యాహ్నానికి అడుగున పడిపోతుంది. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు ఒకే సందేహాన్ని వారంవారం అడుగుతుండటం అందుకే.

యూజ్‌నెట్ జనం ఈ చిక్కును ఏనాడో గుర్తించారు. అడిగిందే అడుగుతుంటే విసిగిపోయి, తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట కూర్చి పెట్టేవారు. ప్రతి కంపెనీ వెబ్‌సైట్‌లో నేడు కనిపించే ‘ఎఫ్ఏక్యూ’ను జనంలోకి తెచ్చింది వాళ్లే. కొత్తవాడు ముందు అది చదవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. 1993 సెప్టెంబరు నుంచి పరిస్థితి మారింది. అంతవరకూ ఏడాదికోసారి, కాలేజీలు తెరిచే సెప్టెంబరులోనే కొత్తవాళ్లు వచ్చేవారు. పాతవాళ్లు వాళ్లకు పద్ధతి నేర్పేవారు. అమెరికా ఆన్‌లైన్ లాంటి సంస్థలు తలుపులు తెరిచాక కొత్తవాళ్ల రాక ఆగలేదు, నేర్పే తీరిక పాతవాళ్లకు లేకపోయింది. ‘ముగింపులేని సెప్టెంబరు’ అని ఆనాటివాళ్లు చెప్పుకున్నది దీన్నే. సోషల్ మీడియా పుట్టకముందే ఫోరాలకు తగిలిన మొదటి గాయం అది.

జనం ఎందుకు లేచిపోయారు?

ఫోరంలో ఒక థ్రెడ్‌కు శీర్షిక ఉంటుంది, వరస ఉంటుంది. మూడేళ్ల కిందటి థ్రెడ్‌లో ఇవాళ ఒకరు జవాబు రాస్తే అది మళ్లీ పైకి వస్తుంది. ఫేస్‌బుక్, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఏది పైకి రావాలో ఫీడ్ నిర్ణయిస్తుంది. మీరు ఎంతసేపు ఆగిచూస్తారన్నదే దానికి ముఖ్యం. వారం పాటు ఆలోచించి రాసిన బదులుకు అక్కడ చోటు లేదు. అప్పటికి అసలు పోస్టు కొట్టుకుపోయి ఉంటుంది.

డబ్బు రెండో కారణం. చిన్న ఫోరం నడిపేవాడికి సర్వరు అద్దె, స్పామ్ బెడద, సాఫ్ట్‌వేర్ మరమ్మతులు అన్నీ సొంత జేబులోంచే. పదేళ్లు చేశాక ఉద్యోగం, పిల్లలు, ఆరోగ్యం అడ్డుపడతాయి. ఫొటోలు వేరేచోట దాచుకున్నవాళ్లకు 2017లో మరో పిడుగు పడింది. ‘ఫొటోబకెట్’ ఉన్నట్టుండి బయటి సైట్లలో చిత్రాలు కనిపించాలంటే ఏడాదికి 399 డాలర్లు కట్టమంది. ఇంజన్ విప్పి బిగించడం అడుగడుగునా ఫొటోలతో నేర్పిన వేలాది థ్రెడ్‌లలో చిత్రాల చోట ఖాళీ డబ్బాలు మిగిలాయి.

చట్టం మూడోది. మన దేశంలో 2021 ఐటీ నిబంధనలు వేదిక నడిపేవారంతా ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలని, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలని చెబుతున్నాయి. 50 లక్షలకు పైగా వాడుకరులున్న సంస్థలకు ఇంకా గట్టి షరతులున్నాయి. పెద్ద కంపెనీకి లాయర్ల దండు ఉంటుంది. ఇంట్లోంచి బోర్డు నడిపే మనిషికి ఒక్క నోటీసు చాలు, స్విచ్ కట్టేయడానికి. బ్రిటన్‌లో ఆన్‌లైన్ భద్రతా చట్టం అమలుకు ముందు, 2024 డిసెంబరులో, లండన్ సైకిల్ ప్రియుల పాత ఫోరం మూసేస్తున్నట్టు ప్రకటించింది ఈ భయంతోనే.

యంత్రం అడుగుతోంది

ఇప్పుడు కొత్త మలుపు. అమీర్‌పేటలో కోడింగ్ నేర్చుకునే ప్రతి కుర్రాడికీ ఒకప్పుడు ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ దిక్కు. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పాల్‌స్కీ పెట్టిన ఈ ప్రశ్నోత్తరాల వేదికను 2021లో ప్రోసస్ సంస్థ 180 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడాది నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. అది అందుబాటులో లేని రష్యన్, చైనీస్ వేదికలతో పోల్చి చూసిన పరిశోధకులు, ఆరు నెలల్లోనే స్టాక్ ఓవర్‌ఫ్లోలో పోస్టులు పాతిక శాతం పడిపోయాయని 2024లో ‘పీఎన్ఏఎస్ నెక్సస్’ పత్రికలో రాశారు.

ఆ యంత్రం నేర్చుకున్నదీ ఇలాంటి ఫోరాల నుంచే. 2024 ఫిబ్రవరిలో రెడిట్ తన పోస్టులను వాడుకునే హక్కు గూగుల్‌కు ఇచ్చింది. ఏడాదికి ఆరు కోట్ల డాలర్లని వార్తలు వచ్చాయి. ఊసుపోక రాసుకున్న మాటలకు మార్కెట్లో ఇంత వెల ఉందని రాసినవాళ్లెవరూ ఊహించలేదు. వాళ్లకు అందులో పైసా రాలేదు కూడా.

తెలుగుకు ఇది ఇంకో రకంగా చుట్టుకుంటోంది. తెలుగువాళ్ల నిజమైన సంభాషణ, అంటే వాదించే తెలుగు, ఓదార్చే తెలుగు, బేరమాడే తెలుగు, ఎక్కువభాగం మూసిన గదుల్లో ఉంది. బయట మిగిలింది వార్తలు, ప్రకటనలు, యాంత్రిక అనువాదాలు. అవి చదివి తెలుగు నేర్చిన యంత్రం కరీంనగర్ మాటనో, పలాస మాటనో ఎలా పట్టుకుంటుంది? గ్రూపు కబుర్లను కంపెనీలకు అప్పగించమని ఎవరూ అనరు. నలుగురి ఎదుటా, ఇష్టపడి, పేరుపెట్టి రాసే తెలుగు మాత్రం పెరగాలి.

నిలబడినవి

అన్నీ కూలిపోలేదు. 2004లో మొదలైన ‘టీమ్ బీహెచ్‌పీ’ ఇప్పటికీ కారు కొనేవాళ్లకు పెద్దదిక్కు. కొత్త థ్రెడ్ మోడరేటర్లు చూశాకే బయటికి వస్తుంది. ఎస్ఎంఎస్ భాష రాస్తే ఒప్పుకోరు. ఒకే కారు గురించి కొన్నప్పటి నుంచి లక్ష కిలోమీటర్లు దాటేదాకా యజమాని రాసుకుంటూ పోయిన థ్రెడ్‌లు అక్కడున్నాయి. ఏ యూట్యూబ్ రివ్యూ ఆ పని చేయలేదు. ఆ కట్టుబాటే దాన్ని కాపాడిందని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

రెడిట్ ఇంకో దారిలో బతికింది. 2023 జూన్‌లో బయటి యాప్‌ల మీద అది వేసిన రుసుముకు నిరసనగా వేల బోర్డులు తెర దించేసుకున్నాయి. యాజమాన్యం తగ్గలేదు. 2024 మార్చిలో షేర్ మార్కెట్‌కు ఎక్కింది. ఆ ఏడాది చివరికి రోజూ వచ్చేవాళ్లు పదికోట్లు దాటారు. హైదరాబాద్ బోర్డులో అద్దెల మోసాలు, టాలీవుడ్ బోర్డులో పాటల చర్చ, ‘నీ బొంద’ బోర్డులో కుర్రకారు వెటకారం రోజూ సాగుతున్నాయి. డీబీల వారసులు వీళ్లే. మోడరేటర్లు జీతం లేని వలంటీర్లు, స్థలం మాత్రం కంపెనీది. యాహూ గ్రూపుల్లోనూ ఏర్పాటు అదే.

పూర్తిగా తెలుగు లిపిలో, ఎవరైనా చదవగలిగేలా, పాత మాట చెరగకుండా నడుస్తున్న చర్చ చూడాలంటే తెలుగు వికీపీడియాకు వెళ్లాలి. దాని చర్చాపేజీ పేరూ రచ్చబండే. ఊళ్ల పేర్లు ఎలా రాయాలి, ఫలానా వ్యాసం ఉంచాలా తీయాలా అంటూ అక్కడ ఏళ్ల తరబడి జరిగిన వాదాలు భద్రంగా ఉన్నాయి. అక్కడికి వచ్చే జనం మాత్రం చాలా తక్కువ.

ఈ పరిస్థితిలో చేయగలిగిన పనులు ఖరీదైనవేమీ కావు. సాహిత్య గ్రూపుల అడ్మిన్లు మంచి చర్చ జరిగిన రోజున, రాసినవాళ్ల అనుమతి తీసుకుని, దాన్ని బ్లాగులోనో వెబ్ పత్రికలోనో పెట్టవచ్చు. వ్యవసాయ గ్రూపుల్లో నిపుణులు ఇచ్చిన జవాబులను పంటలవారీగా కూర్చి ఉంచవచ్చు. తానా, ఆటా వంటి సంఘాలు మహాసభలకు పెట్టే ఖర్చులో రవ్వంత పక్కన పెడితే పాత డీబీల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరతాయి. తెలుగు విశ్వవిద్యాలయాల్లో పరిశోధన విషయాల కోసం వెతుక్కునే విద్యార్థులకు ‘స్కిట్’ పాత పోస్టులు గూగుల్ గ్రూప్స్‌లో ఇంకా తెరిచే ఉన్నాయి. మూడు దశాబ్దాల కిందటి వలస తెలుగువాళ్లు ఏం తిన్నారో, దేనికి ఏడ్చారో, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగును ఎలా నిలబెట్టుకున్నారో అందులో ఉంది. యాహూ గ్రూపుల పాత ఈమెయిళ్లు తమ ఖాతాల్లో దాచుకున్న సభ్యులు చాలామందే ఉంటారు. వాళ్ల నుంచి ఆ ప్రతులు సేకరించి ఒకచోట చేర్చే పనికి ముందుకొచ్చే సంస్థ ఒక్కటి కావాలి.